పేజీ బయటి అక్షరాలు

నా చేతులతో నేనే చెరిపేశాను. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పేదంతా సాకుల్లా వినిపించదని నా ఆశ. వైరస్ తినేసిందనో, కరెంటు పోయి డిస్కు కాలిపోయిందనో చెప్పుకునే వీలు నాకు లేదు. ఒక ఆదివారం పొద్దున తలస్నానం చేసి, దుకాణంలో అగరొత్తి వెలిగించి, చాలా మంచి పని చేస్తున్నాననే నమ్మకంతో ఒక బొత్తాం నొక్కాను. మా బాబాయి పన్నెండేళ్ళపాటు గీసుకున్న తెలుగు అక్షరాలు దాంతో పోయాయి.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు కాదు. నరసరావుపేటలో కోర్టు నుంచి బస్టాండుకు వచ్చే దారిలో ఆయనకు ఒక డీటీపీ దుకాణం ఉంది. డిగ్రీ అయ్యాక తెలుగు టైపు నేర్చుకుందామని ఎడ్లపాడు నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళుగా ఆ దుకాణంలోనే ఉండిపోయాను. మొదటిరోజు సార్ అని పిలిస్తే, సార్లంతా కోర్టులో ఉంటారు, నన్ను బాబాయ్ అనమ్మా అన్నారు. ఆయన ముస్లిం. శుభలేఖల్లో తిథి, వార, నక్షత్రాలు ఆయనకు వచ్చినంతగా నాకు ఇప్పటికీ రావు. పంతులు గారు రాసిచ్చిన లగ్నపత్రికలో తప్పుంటే చప్పుడు చేయకుండా దిద్దేవారు. పంతులు గారు వచ్చినప్పుడు మాత్రం ఆ ఊసు ఎత్తేవారు కాదు.

మా దుకాణంలో శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఎడ్ల పందేల కరపత్రాలు, కోర్టు కాగితాలు అన్నీ కొట్టేవాళ్ళం. వినుకొండ, గురజాల వైపు నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. పని ఇచ్చినవాళ్ళను మేం పార్టీ అంటాం. పార్టీ వచ్చి ప్రూఫ్ చూసి, పెదనాన్న పేరు చిన్నాన్న పేరుకంటే కింద పడిందని గొడవ చేసి, దిద్దించుకుని పోయేది. ఫలానా నాయకుడి ఫోటో ఫలానా నాయకుడి ఫోటోకంటే చిన్నదైందని కరపత్రాలు విసిరికొట్టినవాళ్ళూ ఉన్నారు. నాకు కోపం ఆగేది కాదు. బాబాయి మాత్రం కాగితాలు ఏరుకుని, కూర్చో అబ్బాయ్, టీ తాగు అనేవారు.

ఆయన కంప్యూటరు మనిషి కాదు. కంప్యూటర్లు రాకముందు ఇదే ఊళ్ళో ఒక ప్రెస్సులో కంపోజిటర్. కాలితో తొక్కే మిషను, గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా సీసపు అక్షరాలు. నిలబడి ఒక్కొక్క అక్షరం ఏరి వరసలో పేర్చడమే ఆయన ఉద్యోగం. చూడకుండానే చెయ్యి సరైన అరలోకి పోయేదట. ఆ అక్షరాలు ఎప్పుడో మద్రాసు వైపు నుంచి వచ్చాయనేవారు. పోత పోసింది ఎవరో ఆయనకు తెలియదు. ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చాక ప్రెస్సు మూతపడింది. యజమాని ఆ అక్షరాలన్నీ పాత ఇనుప సామాన్ల కొట్టుకు తూకానికి ఇచ్చేశాడు. అరల్లోంచి గోనెసంచుల్లోకి నింపి ఆటోకి ఎత్తింది బాబాయే. ఒక్కటైనా దాచుకోలేదా బాబాయ్ అని అడిగాను. యజమాని సొత్తు గదమ్మాయ్ అన్నారు.

ఆ తర్వాత కంప్యూటరు నేర్చుకున్నారు గానీ, అందులో అక్షరాలు ఆయనకు ఒక్కరోజు కూడా నచ్చలేదు. అన్నీ ఒకే అచ్చులో గుద్దినట్టు ఉన్నాయనేవారు. ఈ ‘శ’కి నడుమే లేదు, ఈ ‘ఖ’ అన్నం తినక వారమైంది అని తెర ముందు కూర్చుని సణుక్కునేవారు. నేను నవ్వేదాన్ని. నా కళ్ళకు అన్ని ‘శ’లూ ఒకటే. అట్లా సణుగుతూ సణుగుతూ ఒకరోజు పాత ప్రెస్సులో ఉన్న అక్షరాలను గుర్తు తెచ్చుకుని తనే గీయడం మొదలుపెట్టారు.

గీయడమంటే పెన్నుతో కాదు. తెర మీద చుక్కలు పెట్టి, చుక్కకూ చుక్కకూ మధ్య గీతను మౌసుతో కొంచెం కొంచెం వంచాలి. ఒక్క ‘ణ’ తేలడానికి నెల పట్టేది. పార్టీ ప్రూఫుకి వచ్చేలోపు దొరికే పది నిమిషాలు, కరెంటు పోయి వచ్చాక ఇంకో పది నిమిషాలు, అంతే ఆయనకు దొరికే సమయం. ఆ కాస్త సమయంలో కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ గీసేవారు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ పేర్చిన మనిషికి తనదంటూ ఉన్న పని అదొక్కటే. నాకు అప్పట్లో అది ముసలాయన సరదాగా కనిపించింది. నిజం చెప్పాలి కదా.

ఇక్కడ మా పనిలో ఒక అలవాటు గురించి చెప్పాలి. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ తెరిస్తే, తెర మధ్యలో తెల్ల కాగితం కనిపిస్తుంది. దాని చుట్టూ ఖాళీ స్థలం ఉంటుంది. ఆ ఖాళీలో ఏం పెట్టినా ఫైల్లో ఉంటుంది, అచ్చులోకి మాత్రం రాదు. డీటీపీ వాళ్ళందరికీ అది పెరడు లాంటిది. వినాయకుడి బొమ్మ, అరటిచెట్లు, సన్నాయి, మళ్ళీ పనికొస్తుందనుకున్న ప్రతి ముక్కా అక్కడ పడేస్తాం. కొత్త ఫైలు ఎవరూ తెరవరు. నిన్నటి శుభలేఖ తెరిచి, వధూవరుల పేర్లు మార్చి, ఇంకో పేరుతో దాచుకుంటారు. బాబాయి గీసిన అక్షరాలు కూడా అట్లాగే ఎవరి పెళ్ళి కార్డు పక్కనో, ఏ ఎడ్ల పందేల కరపత్రం పక్కనో ఉండేవి. ఆ రోజు ఏ పని మీద ఉంటే దాని పక్కనే గీసేవారు.

అన్నీ ఒకచోట ఉండాలని నేనే ఒక ఫోల్డర్ చేసి ఇచ్చాను. దానికి ‘అక్షరాలు’ అని పేరు పెట్టాను. మొదట్లో తను గీసినవి అందులో వేశారు. తర్వాత ఎప్పుడో, అన్నీ దాంట్లో వేస్తున్నారా బాబాయ్ అని అడిగితే, ఆఁ అన్నారు. గీత వంచుతున్నప్పుడు ఆయన దేనికైనా ఆఁ అనేవారు. ఇల్లు అంటుకుందన్నా అదే మాట వచ్చేది. అది తెలిసి కూడా ఆ ఆఁ నే పట్టుకున్నాను.

ఇక మా కంప్యూటరు సంగతి. దాన్ని అమర్చిన మనిషి విండోస్ దొంగ కాపీ ఎక్కించి ఇచ్చాడు. మా వీధిలో అన్ని దుకాణాల్లోనూ అదే. మాకూ, వాళ్ళకూ అది తప్పని ఎప్పుడూ తోచలేదు. కొన్నేళ్ళకు తెర మీది బొమ్మ పోయి అంతా నల్లబడి, ఈ కాపీ అసలైనది కాదని ఒక మూలన రాత కనిపించడం మొదలైంది. పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవుల్లోంచి రోజుకో వైరస్. కొత్త రకం సిస్టమ్ కొనుక్కుని వేసుకుందామంటే ఆ పాత మిషను దాన్ని మొయ్యలేదు. అప్పుడే ఒక కాలేజీ లెక్చరర్ వాళ్ళమ్మాయి ఓణీల కార్డు కోసం వచ్చి, ఆ నల్ల తెర చూసి, విండోస్ బదులు వాడుకునే లినక్స్ గురించి చెప్పారు. ఆదివారాలు కాలేజీలో ఉచితంగా నేర్పిస్తున్నాం, రమ్మన్నారు.

వెళ్ళాను. మొదటి క్లాసులోనే మనసు పారేసుకున్నాను. ఈ సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎట్లా తయారైందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వచ్చు, ఎవరూ దొంగ అనరు అని ఆయన చెబుతుంటే నా కళ్ళు చెమర్చాయి. సీనియర్ల దగ్గర పుస్తకాలు అడుక్కుని, పరీక్షలు కాగానే తుడిచి తిరిగి ఇచ్చేసి చదువుకున్నదాన్ని. ఇంకొకరికి ఇవ్వడం కోసమే ఒక వస్తువు తయారు చేసేవాళ్ళు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు నుంచి నా ధోరణి కొత్తగా మాల వేసుకున్న స్వామిలా తయారైంది. పెళ్ళి కార్డుకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి ఊదరగొట్టేదాన్ని. పక్క దుకాణం వాళ్ళ ముందు దొంగ కాపీల మీద ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. నన్ను చూసి వాళ్ళు ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేవాళ్ళు. బాబాయికి మాత్రం ఇదేదీ ఎక్కలేదు. నడుస్తుంది గదా, నడిచేదాన్ని కదిలించడమెందుకు అన్నారు. అప్పటికే ఆయన కుడిచేతికి వణుకు వచ్చింది. గుంటూరులో చూపిస్తే, ఇది తగ్గేది కాదు, మాత్రలతో నెట్టుకు రావాలి అన్నారట. ఆ వణుకు వచ్చేటప్పటికే అక్షరాలు దాదాపు అయిపోయాయి. ఒక ‘ఝ’, ఒక ‘ఱ’, కొన్ని వత్తులు మిగిలాయి. మౌసు పట్టుకుంటే గీత అల్లల్లాడిపోయేది. కాసేపు ప్రయత్నించి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు.

ఆయనను ఒప్పించే దారి నాకు అప్పుడే దొరికింది. అక్షరాలను ఫాంటుగా మార్చే సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో ఉందని, మీ అక్షరాలన్నీ అందులో పెడితే నిజంగా టైపు కొట్టుకోవచ్చని, దాన్ని ఇంటర్నెట్‌లో పెడితే ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చని చెప్పాను. ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. తర్వాత మెల్లగా అడిగారు.

“మాచర్లలో ఉన్నోడు కూడా కొట్టుకోవచ్చా?”

“కొట్టుకోవచ్చు.”

“కృష్ణ అవతలోళ్ళు?”

“ఎవరైనా, బాబాయ్.”

పేరేం పెడతావని అడిగితే మీ పేరే అన్నాను. వద్దన్నారు. ఆ మూతపడ్డ ప్రెస్సు పేరు పెట్టమన్నారు. నీ ఇష్టం, ఏం చేస్తావో చెయ్యి, నేను ఉండంగానే చెయ్యి అన్నారు. ఆయన ఒప్పుకున్నది ఆ అక్షరాల కోసమే. ఇది నేను ఎన్నటికీ మర్చిపోను.

మేం వాడే పాత సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నడవదు. ఆ ఫైళ్ళు అక్కడ తెరిచినా తెలుగు బదులు ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. అందుకని పాతవాటన్నిటినీ పీడీఎఫ్‌లుగా మార్చి పెట్టుకోవాలనుకున్నాను. అట్లా చేస్తే కార్డు ఎట్లా ఉందో అట్లాగే కనిపిస్తుంది, ఎప్పుడైనా చూసుకోవచ్చు. నెలన్నర పట్టింది. ఫైలు తెరవడం, మార్చడం, మూయడం. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని చావులు. నేను ఎంత శ్రద్ధగా చేశానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. ఫైలు తెరవగానే పేజీ పక్కన ఒక ‘ఖ’నో, ఒక ‘క్ష’నో నిలబడి కనిపించేది. చూసేదాన్ని. ఇవన్నీ ఫోల్డర్‌లో ఉన్నాయి కదా అనుకుని మూసేసేదాన్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ ఫోల్డర్ తెరిచి చూసుకుని ఉంటే సరిపోయేది. పీడీఎఫ్‌లోకి పేజీ మాత్రమే వస్తుందని, దాని చుట్టూ ఉన్నది రాదని, మా వీధిలో నిన్న మొన్న పనిలో చేరినవాళ్ళకు కూడా తెలుసు. నాకూ తెలుసు.

పాత డిస్కు కదిలించకు, అట్లాగే పక్కన పెట్టి కొత్తది వేసుకో అని లెక్చరర్ గారు చెప్పారు. చెవిన పెట్టలేదు. సరిగ్గా తెరుచుకోని ఫైళ్ళు దాచుకుని ఏం చేస్తాం అనుకున్నాను. అంతకంటే పెద్ద కారణం వేరే ఉంది. ఆ దొంగ కాపీ తాలూకు ఒక్క ముక్క కూడా ఆ మిషనులో మిగలకూడదని నాకు పట్టుదల. అంతా కడిగేసినట్టు ఉండాలనుకున్నాను. బాబాయి, పిన్నమ్మ వినుకొండలో కూతురింటికి వెళ్ళారు. సోమవారం ఆయన వచ్చేసరికి కొత్త తెర చూపించి ఆశ్చర్యపరచాలని పీడీఎఫ్‌లనూ ‘అక్షరాలు’ ఫోల్డర్‌నూ పెన్‌డ్రైవులో పెట్టుకుని, ఆదివారమే డిస్కు మొత్తం తుడిచేసి లినక్స్ ఎక్కించాను.

సోమవారం ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. తెర మీద ప్రతి మాటా తెలుగులో ఉంది. మూయి, భద్రపరచు, వెతుకు అని ఒక్కొక్కటే పైకి చదివారు. ఈ ‘భ’ బాగా లేదన్నారు. నవ్వుకున్నాం. నాకు అంత సంతోషంగా ఉన్న రోజు ఆ మధ్యకాలంలో ఇంకొకటి లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్చీ దగ్గరికి లాక్కుని, మన అక్షరాలు తియ్యి, ఫాంటు చేద్దాం అన్నారు.

ఫోల్డర్ తెరిచాను. పదకొండు అక్షరాలు ఉన్నాయి.

మిగతావి ఏవి అన్నారు. ఇవే అన్నాను. కాదమ్మాయ్, మొన్నటి వినుకొండ పార్టీ శుభలేఖ తియ్యి, దాని పక్కనుంటయ్ అన్నారు. తీశాను. తెర నిండా శుభలేఖ. పక్కకు జరపమన్నారు. జరిపాను. కార్డు అంచు దాటాక అంతా బూడిదరంగు. ఆయన ఎడమచేత్తో మౌసు అందుకుని తనే జరిపారు. ఈ పక్క జరిపి చూశారు, ఆ పక్క జరిపి చూశారు, పైకి, కిందికి. ఇంకో కార్డు తెరవమన్నారు. మళ్ళీ అట్లాగే. ఆయన ఆ బూడిదరంగులో వెతుకుతూనే ఉన్నారు.

“పాత ఫైళ్ళు ఎక్కడున్నయ్?”

“తీసేశాను బాబాయ్.”

ఆయన అరుస్తారని ఎదురుచూశాను. నా చెంప పగలగొట్టినా నిలబడేదాన్ని. ఆయన మౌసు వదిలేసి, కళ్ళజోడు తీసి చొక్కా కొసకు తుడుచుకున్నారు. నా వైపు చూడలేదు.

“పేజీ లోపలుండేదంతా పార్టీలది గదమ్మాయ్. మనదేదన్నా ఉంటే బయటే గదా.”

అంతే అన్నారు. నమాజుకు టైమైందని లేచారు. ఆ సాయంత్రం దుకాణానికి తిరిగి రాలేదు. నేను షట్టరు సగానికి దించి, లోపల కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాత చేయగలిగినవన్నీ చేశాను. లెక్చరర్ గారు వచ్చి రెండు రోజులు కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. డిస్కు తీసుకుని గుంటూరు వెళ్ళాను. పోయిన ఫైళ్ళు వెనక్కి తీసేవాళ్ళు అక్కడ ఒకరున్నారు. పైన కొత్త సిస్టమ్ రాసేశారు కదమ్మా, కింద ఏమీ మిగల్లేదు అన్నారు. సగం తెగిన వినాయకుడి బొమ్మలు కొన్ని, ఎవరో పెళ్ళికూతురి ఫోటో పైభాగం, అంతవరకే వచ్చాయి. పాత ప్రెస్సు రోజుల్లో అచ్చయిన కార్డులు ఎవరింట్లో ఉన్నా తెచ్చిపెట్టమని తెలిసినవాళ్ళందరినీ అడిగాను. పదిహేను దాకా దొరికాయి. బాబాయి వాటిని భూతద్దం కింద పెట్టి చూసి, ఇది సిరా పరుచుకున్నదమ్మాయ్, అచ్చు ఆకారం ఇట్టుండదు అన్నారు. కొత్త సిస్టమ్ మీద మాత్రం నాకు కోపం రాలేదు. ఇప్పటికీ అదే వాడుతున్నాను. అది ఇస్తానన్నవన్నీ ఇచ్చింది. తప్పంతా దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగిన నాది.

ఒకే ఒక్కచోట అదృష్టం కలిసొచ్చింది. అచ్చంపేట పార్టీ ఒకాయన తమ కార్డు ఇంకోచోట అచ్చు వేయించుకుందామని పాత ఫైలు పెన్‌డ్రైవులో తీసుకెళ్ళాడు. ఫోన్ చేస్తే ఇంకా ఉందన్నాడు. బస్సెక్కి వెళ్ళి తెచ్చుకున్నాను. దాన్ని ఉన్నదున్నట్టు తెరవాలంటే పాత సిస్టమ్ కావాలి. ఎవరి ముందైతే దొంగ కాపీల మీద ఉపన్యాసాలు ఇచ్చానో ఆ పక్క దుకాణానికే మొహం చెల్లక చెల్లక వెళ్ళి అడిగాను. ఏమీ అనకుండా కుర్చీ ఖాళీ చేసి ఇచ్చారు. ఫైలు తెరుచుకుంది. పేజీ పక్కన ఒక ‘ణ’, దాని కింద సగం గీసి వదిలేసిన ‘ఠ’. వాళ్ళ ముందే ఏడ్చేశాను.

మిగతావి మళ్ళీ గీద్దామని నేనే అన్నాను. ఆయన చెయ్యి పనిచేయదు కనుక నేను గీస్తాను, మీరు పక్కన కూర్చుని చెప్పండి అన్నాను. ఒప్పుకున్నారు. ఆయన కోసమో, నా కోసమో నాకు తెలియదు. ఇంత లోపలికి, అంత కాదు, ఇక్కడ గీత లావు తగ్గాలి, సీసం అచ్చులో ఇక్కడ ఒత్తు పడేది కాదు అని చెప్పేవారు. నేను చుక్కలు జరిపేదాన్ని. చెయ్యి నాది, కన్ను ఆయనది. అట్లా చేస్తుంటేనే నాకు అక్షరం కనిపించడం మొదలైంది. అన్ని ‘శ’లూ ఒకటి కావని పద్దెనిమిదేళ్ళ తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళు ఆయన పక్కనే కూర్చుని ఏం చూశానో నాకే అర్థం కాలేదు. సిగ్గేసింది. నెలకు ఒకటి, ఒక్కో నెల రెండు తేలేవి. ఫోల్డర్‌లో ఉన్న పదకొండు, అచ్చంపేట ‘ణ’, మేం కలిసి గీసినవి, మొత్తం మొన్నటికి పంతొమ్మిది అక్షరాలు. వాటితో ఒక్క పెళ్ళికూతురి పేరు కూడా పూర్తిగా రాయలేం.

కిందటేడు నుంచి ఆయన దుకాణానికి రావడం లేదు. వణుకు కాళ్ళకు పాకింది. మాట కూడా నెమ్మదించింది. నేనే దుకాణం చూసుకుంటున్నాను. పని కూడా తగ్గింది. కార్డులు ఇప్పుడు ఫోన్లలోనే తయారై ఫోన్లలోనే పోతున్నాయి. వారానికోసారి ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్తాను. పిన్నమ్మ తలుపు తీస్తూనే, పొద్దుట్నుంచి ఒకటే అడుగుతుండాడే, పిల్ల వచ్చిందా పిల్ల వచ్చిందా అని అంటుంది. నాకు నలభై దాటాయి, ఆ ఇంట్లో ఇంకా పిల్లనే. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంటారు. ఒళ్ళో పీట పెట్టి దాని మీద ల్యాప్‌టాప్ పెడతాను. గంటకు మించి కూర్చోలేరు. ఆ గంటలో నాలుగు చుక్కలు కదిలితే గొప్ప.

మొన్న వెళ్ళినప్పుడు ‘మ’ తీసుకెళ్ళాను. ముందే ఇంట్లో గీసిపెట్టుకున్నాను. హడావుడిగా గీశాను. పొట్ట కిందికి జారింది, చివరి కొమ్ము పక్క అక్షరం మీద పడేటంత పైకి లేచింది. నాకు తెలుస్తూనే ఉంది. ఆయన దిద్దుతారులే అనుకుని అట్లాగే తీసుకెళ్ళాను. అసలు నేను వెళ్ళేదే దిద్దించుకోవడానికి.

ఆయన చాలాసేపు చూశారు. తెరకు దగ్గరగా వంగి చూశారు. నేను మౌసు మీద చెయ్యి పెట్టుకుని, ఎటు జరపమంటారో అని కాచుకుని ఉన్నాను.

“బాగుంది” అన్నారు.

కొమ్ము పైకి పోలేదా బాబాయ్ అని అడిగాను. మళ్ళీ చూశారు.

“లేదు. బాగుంది. ఇంక పెట్టెయ్ అమ్మాయ్.”

పిన్నమ్మ టీ తెచ్చింది. తాగాను. ఏం తాగానో తెలియలేదు. ఆయనకు కన్ను కూడా పోయిందో, నేను ఇంక చాలినంత పడ్డానని నన్ను వదిలేశారో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం లేదు. ఈ రెండింటిలో ఏది నిజమైనా నేను తట్టుకోలేను.

ఇంటికి వచ్చి ఆ ‘మ’ తెరిచాను. పొట్ట సరిచేద్దామని చుక్క పట్టుకున్నాను. ఎంత జరపాలో తెలియలేదు. తప్పని మాత్రం తెలుస్తోంది. ఏది సరైనదో ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషి బాగుందన్నారు. చుక్కను ఎక్కడున్నదాన్ని అక్కడే వదిలేసి, ఫోల్డర్‌లో ఇరవయ్యో అక్షరంగా దాన్ని వేసుకున్నాను.